అంపైరు చూసిన క్యాచ్

బేస్‌బాల్ అంపైర్ల శిక్షణ తరగతిలో ఈసారి మన తెలుగు పిల్లలు కూడా చేరారు. పాఠం చెప్పడానికి నన్ను పిలిచారు. మాటల మధ్యలో ఒకమ్మాయి, "ఆంటీ, ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది ఏది?" అని అడిగింది. ఎండ అన్నాను. అందరూ నవ్వారు. ఇంటికి వచ్చి బూట్లు విప్పుతుంటే ఆ జవాబు నాకే నచ్చలేదు. ఎండకి టోపీ ఉంది, నీళ్ళ సీసా ఉంది. అసలు కష్టమైనది వేరే ఉంది. అది క్లాసులో చెప్పే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నా పేరు సరోజ. మా తాత శ్రీకాకుళం సముద్రతీరం నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చిన మనిషి. నేను ఇక్కడే, సింగపూర్‌లోనే పుట్టాను. తెలుగు అక్షరాలు నాన్న దగ్గర నేర్చుకున్నాను. వారమంతా బడిలో వ్యాయామం టీచర్ని, శని ఆదివారాలు అంపైర్ని. జీతం బడి ఇచ్చింది. కానీ, నువ్వు ఏం పని చేశావని ఎవరైనా అడిగితే అంపైరునన్న మాటే నోటికి వస్తుంది.

ముందు ఎండ సంగతి

సరే, ఎండ గురించే మొదలుపెడతాను. మాస్కు, లోపల ఛాతీకి కట్టుకునే దిండు, కాళ్ళకి పలకలు. ఇవన్నీ వేసుకుని సింగపూర్ మధ్యాహ్నంలో ప్లేటు వెనక వంగి నిలబడాలి. ప్లేటు అంటే బ్యాటు పట్టుకున్నవాడు నిలబడే చోట నేలలో పాతిన తెల్లటి పలక. మనిషి ఇడ్లీలాగా ఉడికిపోతాడు. ఆపైన పిడుగుల సైరన్ మోగుతుంది. అది మోగితే ఆట ఎంత రసపట్టులో ఉన్నా ఆపేయాలి. అప్పుడు రెండు జట్లూ కలిసి మిమ్మల్నే తిడతాయి, పిడుగును పంపించింది మీరేనన్నట్టు.

తిట్లకు అలవాటు పడండి. ఒకసారి అమ్మాయిల బళ్ళ మధ్య సాఫ్ట్‌బాల్ పోటీలో ఓ తల్లి గొడుగు పట్టుకుని నా మీదకి వచ్చింది. వాళ్ళమ్మాయిని అవుట్ అన్నానని. మర్నాడు అదే అమ్మాయి నా క్లాసులో కూర్చుని, సింగపూర్ ఊతపదం తగిలించి, "సారీ లా, మేడమ్. మా అమ్మ రూల్స్ చదవలేదు" అంది. ఈ పనిలో మిగిలే సంతోషాలు ఆ పాటివే. ఎక్కువ ఆశించకండి.

క్రాంజీలో కేకలు

నాకు పని నేర్పినవాడు మిస్టర్ లిమ్. మా అంపైర్లందరికీ పెద్ద. సన్నగా, ఎండిన రొయ్యలాగా ఉండేవాడు. పొగడడం ఆయనకు చేతకాదు. కొత్తవాళ్ళని బస్సెక్కించి క్రాంజీకి తీసుకెళ్ళేవాడు. అక్కడ పొలాలు, కోళ్ళఫారాలు తప్ప ఇళ్ళు లేవు. రోడ్డు పక్కన నిలబెట్టి, "అవుట్ అని అరవండి" అనేవాడు. ఇళ్ళ మధ్య అరిస్తే ఎవరో ఒకరు పోలీసులకి ఫోన్ చేస్తారని అంత దూరం.

నేను సిగ్గుపడుతూ అరిచాను. కోళ్ళు కూడా తల తిప్పలేదు.

"నీకే నమ్మకం లేని మాట ఇంకెవరు నమ్ముతారు? మళ్ళీ" అన్నాడు లిమ్.

గొంతు బొంగురుపోయేదాకా అరిపించాడు. తిరుగు బస్సులో మాత్రం నెమ్మదిగా ఒక మాట చెప్పాడు. "సరో, గ్రౌండులో అందరూ నీకు ఏదో ఒకటి చెబుతారు. కోచ్ చెబుతాడు, ఆటగాడు చెబుతాడు, జనం చెబుతారు. నువ్వు మాత్రం చూసింది చెప్పు. విన్నది చెప్పకు."

ఇంత చిన్న మాటకి ఇంత దూరం తీసుకురావాలా అనుకున్నాను.

మన కుర్రాళ్ళు, చేతిలో బ్యాటు

వై టూ కె అని, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి ఆగిపోతాయని ప్రపంచమంతా భయపడుతున్న రోజులవి. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఎటు చూసినా మెడలో ట్యాగు వేసుకున్న మనవాళ్ళే. కంపెనీలకు డబ్బు పొంగిపొర్లుతోంది. ఆ పొంగులో కంపెనీల మధ్య బేస్‌బాల్ పోటీలు కూడా మొదలయ్యాయి. జట్టుకి మనుషులు చాలకపోతే, "మీరు క్రికెట్ ఆడతారుగా" అని మన కుర్రాళ్ళని లాక్కొచ్చేవాళ్ళు.

నవ్వలేక చచ్చేదాన్ని. బేస్‌బాల్‌లో కొట్టాక బ్యాటు అక్కడే పడేసి పరుగెత్తాలి. మనవాళ్ళు చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు దాన్ని పట్టుకునే పరుగెత్తేవాళ్ళు. అందులో ఒకడు బేసు దగ్గర, అంటే పరుగెత్తి కాలితో తొక్కాల్సిన చోట, బ్యాటు చాచి నేలకి ఆనించి, క్రీజులోకి వచ్చేశానని నిశ్చింతగా నిలబడ్డాడు. అవుట్ అంటే, "ఎందుకు ఆంటీ? బ్యాట్ లోపల ఉంది కదా" అని నన్నే నిలదీశాడు.

ఇంకో అలవాటు కూడా ఉండేది, అది నాకు ముచ్చటగా ఉండేది. క్రికెట్‌లో కొందరు బ్యాటుకి బంతి తగిలిందని తమకి తెలిస్తే అంపైరు వేలెత్తకముందే నడిచి వెళ్ళిపోతారు. మన కుర్రాళ్ళలో కొందరు ఇక్కడా అలా చేసేవాళ్ళు. బేస్‌బాల్‌లో అలాంటి ఆచారమే లేదు. నోరు మూసుకుని అంపైరు ఏమంటే అది తీసుకోవడమే. మన కుర్రాళ్ళని చూసి మిగతావాళ్ళు బుర్ర గోక్కునేవాళ్ళు. నాకు మాత్రం లోపల గర్వంగా ఉండేది.

అలాగని మనవాళ్ళని వెనకేసుకొచ్చానని అనుకోకండి. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అన్నట్టే ఉండేది నా పద్ధతి. తెలుగువాడు కనిపిస్తే ఇంకాస్త బిగిసేదాన్ని.

ఆ అవార్డు

ఏడాది చివర ఒక అవార్డు ఇచ్చేవాళ్ళు. ఆ సంవత్సరపు ఉత్తమ ఔత్సాహిక ఆటగాడు. డబ్బు తీసుకోకుండా, ఆట మీద ప్రేమతో ఆడేవాళ్ళలో మేటి అని దాని అర్థం. పీట మీద నిలబెట్టిన చెక్క బ్యాటు ఒకటి ఇచ్చేవాళ్ళు. అసలు బహుమతి అది కాదు. గెలిచినవాణ్ణి జపాన్‌కి పంపి, కోచ్‌గా శిక్షణ ఇప్పించి తీసుకొచ్చేవాళ్ళు. తిరిగొచ్చాక ఏదో ఒక బడిలో కోచ్ ఉద్యోగం ఖాయం. ఎవరికివ్వాలో అంపైర్లు తేల్చేవాళ్ళు, రెండు వైపులా సమానంగా చూసేది మేమేనని.

ఆ ఏడు అందరి నోటా ఫైజల్ పేరే. ఫైజల్ మలే మనిషి, ఒక కంపెనీ జట్టుకి పిచ్చర్. పిచ్చర్ అంటే బంతి విసిరేవాడు, మన బౌలర్ లాంటివాడు. ఉద్యోగం మాత్రం అదే కంపెనీ బస్సు నడపడం. ఎక్స్‌పో రైలు స్టేషన్ ఇంకా కట్టలేదు కాబట్టి, తానా మేరా స్టేషన్ నుంచి బిజినెస్ పార్క్‌కి ఉద్యోగుల్ని చేరవేసేవాడు. కాస్త కోపిష్ఠి. నా తీర్పు నచ్చకపోతే టోపీ నేలకేసి కొట్టేవాడు, ఆట అయ్యాక అదే టోపీ దులుపుకుంటూ వచ్చి, "కక్ సరో, మకాన్ అయిందా?" అని అడిగేవాడు. కక్ అంటే మలేలో అక్క, మకాన్ అంటే భోజనం.

భుజం అరిగిపోయింది, ఆ ఏడుతో ఆట చాలిస్తానన్నాడు. "కోచ్‌నైతే చాలు కక్. ఈ స్టీరింగ్ పట్టుకుని ముసలివాణ్ణి కాలేను" అని నాతో ఒకసారి అన్నాడు. కోచ్ కావడానికి చదువు లేని మనిషికి ఆ అవార్డు ఒక్కటే దారి. ఫైనల్ గెలిపిస్తే అది అతనిదేనని మా అంపైర్లందరికీ తెలుసు. అతనికీ తెలుసు.

అదే జట్టులో దూరంగా ఫీల్డింగ్ చేసేవాడు గోవర్ధన్. కరీంనగర్ వైపు కుర్రాడు, ప్రోగ్రామరు. వాడి విసురు చూసి తీరాలి. గ్రౌండు చివర నుంచి బంతి వేస్తే నేరుగా ప్లేటు దగ్గర దిగేది. మర్యాదస్థుడు. ఆట మొదలయ్యేముందు, "నమస్తే ఆంటీ, మంచిగున్నరా?" అని పలకరించకుండా ఉండేవాడు కాదు.

ఆ బంతి

ఫైనల్. ఆఖరి ఘట్టం. ఫైజల్ జట్టు ఒక్క పరుగు ముందుంది. ఇంకొక్క అవుట్ చాలు, ఆట వాళ్ళది. అవతలి జట్టువాళ్ళు ఇద్దరు పరుగుకి సిద్ధంగా బేసుల మీద ఉన్నారు. బంతి నేలపడితే ఇద్దరూ ప్లేటు చేరి పరుగులు తెస్తారు, ఆట అవతలివాళ్ళది.

లిమ్ ప్లేటు వెనక ఉన్నాడు. నేను గ్రౌండు మధ్యలో. దూరంగా వెళ్ళే బంతి వెంట పరుగెత్తి చూడాల్సింది నేను.

ఫైజల్ విసిరాడు. అవతలి బ్యాటరు కొట్టాడు. బంతి తక్కువ ఎత్తులో దూసుకుపోయింది. గోవర్ధన్ ముందుకు పరుగెత్తుకొస్తున్నాడు, నేను అటు పరుగెత్తుతున్నాను. పొట్ట మీద జారుతూ గ్లవ్ చాచాడు. బంతి గ్లవ్‌లో పడింది. కింద గడ్డి, మధ్యలో గ్లవ్, పైన బంతి. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు కనిపించింది నాకు. పిడికిలి పైకెత్తి, క్రాంజీలో నేర్చుకున్న గొంతుతో అరిచాను. "అవుట్!"

వెనక కేరింతలు. ఫైజల్ రెండు చేతులూ ఎత్తి ఆకాశంకేసి చూస్తున్నాడు.

గోవర్ధన్ లేచాడు. మోకాళ్ళకి గడ్డి అంటుకుని ఉంది. నవ్వడం లేదు. తిన్నగా నా దగ్గరికి నడిచి వచ్చి, తెలుగులో మెల్లగా అన్నాడు.

"ఆంటీ, క్యాచ్ కాదు. ముందుగాల కిందికి తాకింది."

ఇన్నేళ్ళలో బేస్‌బాల్‌లో ఏ ఫీల్డరూ తన క్యాచ్ చెల్లదని తానే చెప్పడం నేను వినలేదు. "ఏటి బాబూ? సరిగ్గా సెప్పు" అన్నాను.

"నిజంగనే ఆంటీ. తాకింది. నాకు తెలుసు గద."

కాళ్ళ కింద గడ్డి కదిలినట్టయింది. నేను చూశాను కదా! కానీ గ్లవ్ వాడిది, చెయ్యి వాడిది. గెలిచిన ఆటని పోగొట్టుకోవడానికి ఎవడైనా అబద్ధమాడతాడా? బ్యాటుకి బంతి తగిలిందని తనంతట తాను నడిచిపోయే మన కుర్రాళ్ళు కళ్ళముందు మెదిలారు. నా కళ్ళే మోసపోయి ఉంటాయనుకున్నాను. చెయ్యి చూపి లిమ్‌ని పిలిచాను.

లిమ్ నడిచి వచ్చాడు. "నువ్వేం చూశావ్?"

"తాకిందని అతనే చెబుతున్నాడు."

"అతని సంగతి అడగలేదు. నువ్వేం చూశావని అడిగాను."

"క్యాచ్ అనే అనుకున్నాను. కానీ పట్టినవాడే కాదంటుంటే..."

లిమ్ "తీర్పు నీది" అని వెనక్కి వెళ్ళిపోయాడు.

నేను రెండు చేతులూ పక్కలకి చాచాను. క్యాచ్ కాదని అర్థం.

అవతలి జట్టు అరుపులు. ఫైజల్ ఈసారి టోపీ నేలకేసి కొట్టలేదు. నిలబడ్డ చోటే కూర్చుండిపోయి, గ్లవ్‌తో ముఖం కప్పుకున్నాడు. గోవర్ధన్ తల వంచుకుని బయటికి నడిచాడు. జట్టువాళ్ళెవరూ అతనితో మాట్లాడలేదు. నాకైతే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

కోపీ దుకాణంలో తీర్పు

అవార్డు తేల్చడానికి ఎప్పటిలాగే హాకర్ సెంటర్లో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాల్లో కలిశాం. ముందొచ్చినవాడు టిష్యూ ప్యాకెట్టు పెట్టి బల్ల చోప్ చేసి ఉంచాడు. ఇక్కడ కుర్చీ పట్టుకోవాలంటే అదే పద్ధతి.

మామూలుగా నేను ఎక్కువ మాట్లాడను. ఆ రోజు ఎక్కడలేని మాటలూ వచ్చాయి. ఔత్సాహికుడంటే ఆటని ప్రేమించేవాడని మనమే కదా అంటాం, ఓడిపోతానని తెలిసీ నిజం చెప్పినవాడికన్నా ప్రేమించేవాడు ఇంకెవడు, మన పోటీల్లో ఇలాంటిది ఎప్పుడైనా జరిగిందా అని అడిగాను. పక్కన కూర్చున్నవాళ్ళు తలలూపారు.

"ఫైజల్?" అన్నాడు లిమ్.

"ఫైజల్ మంచి ఆటగాడే. కానీ చివరి బంతికి కొట్టించుకున్నాడు కదా" అన్నాను.

లిమ్ కోపీ, అంటే ఇక్కడి కాఫీ, తాగి కప్పు పక్కన పెట్టాడు. మిగతావాళ్ళందరూ చేతులెత్తారు. అవార్డు గోవర్ధన్‌కి వెళ్ళింది.

అవార్డు ఇచ్చే సభకి ఫైజల్ రాలేదు. తర్వాత కొన్నాళ్ళకి గ్లవ్ కూడా ఎవరికో ఇచ్చేశాడని విన్నాను. గోవర్ధన్ జపాన్ వెళ్ళలేదు. కొత్త ఉద్యోగంలో చేరానని, సెలవు దొరకదని కబురు పంపాడు. ఆ ఏటి శిక్షణ ఎవరికీ కాకుండా పోయింది. కొత్త కంపెనీ ఏదంటే, ఫైనల్లో ఎదురుగా ఆడినదే. అయినా నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. చొక్కా మార్చినట్టు కంపెనీలు మార్చే రోజులవి. మా బ్లాకులో ఒకాయన కొత్త విజిటింగ్ కార్డులు అచ్చై వచ్చేలోపే ఇంకో కంపెనీకి పోయాడు.

స్వీట్ల డబ్బా

ఒక ఆదివారం సాయంత్రం బుకిట్ బటోక్‌లో మా ఫ్లాట్ తలుపు తట్టారు. గోవర్ధన్. పక్కన కొత్త చీరలో భార్య, చేతిలో స్వీట్ల డబ్బా. పేరు సునీత అని చెప్పాడు. కొత్త కంపెనీ ఆ అమ్మాయికి కూడా ఇక్కడ ఉండడానికి పాస్ ఇప్పించిందట, వారం కిందటే దిగిందట. కూర్చోమంటే కూర్చోలేదు. సునీత వంగి నా కాళ్ళకి దండం పెట్టింది.

"అయ్యయ్యో, ఇదేటమ్మా?" అని లేవనెత్తాను.

"మీరు చేసిన సాయం ఈయన రోజు చెప్తడు ఆంటీ. మీరు లేకుంటె నేను ఈడికి వచ్చేదాన్నే కాదు" అంది ఆ అమ్మాయి.

నాకేమీ అర్థం కాలేదు. "నా సాయమేటుంది? నీ నిజాయితీ చూసి ఇచ్చారు బాబూ ఆ అవార్డు" అన్నాను గోవర్ధన్‌తో.

అతను నవ్వాడు. ఇంట్లో మనిషితో నవ్వినట్టు హాయిగా నవ్వాడు. "ఊకోండ్రి ఆంటీ, ఇంట్ల గూడ నాటకమేంది? నేను పట్టింది మీరు చూసిన్రు గద. చెయ్యి గూడ లేపిన్రు. నేను తెలుగుల చెప్పంగనే మీకు సమజైంది, మనోడు ఏదో కష్టంల ఉన్నడని. ఎంత పెద్ద మనసు మీది!"

"అలమక్!" అన్నాను. భయం వేసినా ఆశ్చర్యం వేసినా మాకు ముందు వచ్చేది ఆ మలే మాటే. "ఏటి సెప్తన్నావు నువ్వు? పట్టావా? ఆ బంతి పట్టావా?"

అతని నవ్వు ఆగిపోయింది. నా ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు. "మీకు... మీకు తెల్వదా ఆంటీ?"

నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. నెత్తిన పిడుగు పడడమంటే ఏమిటో, సైరన్ మోగకుండా పడితే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. వై టూ కె పని అయిపోతోంది. తన కంపెనీ వాపస్ పంపించేస్తుందని తెలిసిపోయింది. అవతలి కంపెనీ పెద్ద ఒకడు, బేస్‌బాల్ పిచ్చివాడు, తన జట్టు గెలిస్తే ఉద్యోగం ఇప్పించే పూచీ నాది అన్నాడు. గోవర్ధన్ ఆటలో ఎక్కడో బంతి వదిలేద్దామనే అనుకున్నాడట. కానీ ఆ బంతి ఎదురుగా వచ్చేసరికి చెయ్యి ఆగలేదట. "పట్టేసిన ఆంటీ. అలవాటు. పట్టినంక సమజైంది, అయ్యో ఏం జేసిన్నని. మీరు అవుట్ అన్నరు. ఇగ మీరే దిక్కనుకున్న."

"మరి ఫైజల్?"

"ఫైజల్‌కు ఏమైతది ఆంటీ? ఆయన ఈడి మనిషి. ఆయన్ని ఎవలు వాపస్ పంపుతరు? నేను పోతుంటి. ఈమె నేను ఎప్పుడు పిలుస్తనా అని ఎదురుచూడవట్టె."

సునీతకి ఇదంతా కొత్త. డబ్బా పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయింది. అతని మాటల్లో అబద్ధం లేదు. అది ఇంకా భయంగా ఉంది నాకు. నన్ను మోసం చేశాననే ఊహ కూడా లేకుండా, కృతజ్ఞతతో మా ఇంటికి వచ్చాడు. నేను తెలుగు విని నిజమనుకున్నాను. వాడు నా తెలుగు చూసి నన్ను తోడుదొంగననుకున్నాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. మా నాన్న అంత శ్రద్ధగా నేర్పిన భాష ఆ గ్రౌండులో నాకు చేసిన పని ఇదా అనిపించింది.

"ఎళ్ళండి" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక చూస్తే డబ్బా బల్ల మీదే ఉంది. తీసుకెళ్ళి చెత్త గొట్టంలో వేశాను. అది అన్ని అంతస్తులూ తగులుకుంటూ కిందికి పోయిన చప్పుడు విన్నాను.

లిమ్ ఏమన్నాడు

మర్నాడు లిమ్‌కి చెప్పాను. కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు. కోపీలో చెంచా తిప్పాడు.

"అయితే నీ కన్ను కరెక్టే" అన్నాడు.

ఆ మాట తిట్టుకన్నా లోతుగా దిగింది. అవును, నా కన్ను కరెక్టే. అంతటి వేగంలో, అంత దూరంలో, పొల్లుపోకుండా చూశాను. చూసి కూడా పక్కన పెట్టేశాను.

ఇద్దరం కలిసి బేస్‌బాల్ సంఘం కమిటీ దగ్గరికి వెళ్ళాం. వాళ్ళు మా మాట పూర్తిగా వినలేదు. అవార్డు వెనక్కి తీసుకుంటే సంఘం పరువు పోతుంది, స్పాన్సర్లు పోతారు, అయిపోయిందేదో అయిపోయింది అన్నారు. పేరు అలాగే ఉండిపోయింది. సంఘం ఆఫీసు గోడ మీద ఇప్పటికీ ఉంది. ఔత్సాహికుల్లో ఉత్తముడట! ఆ ఆటలో కూలి పుచ్చుకున్నవాడు అతనొక్కడే. గోవర్ధన్ తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఆకలితో ఉన్నవాణ్ణి పూర్తిగా తిట్టలేను, కానీ క్షమించానని చెబితే అది అబద్ధం.

పిల్లలూ, మీతో అబద్ధమాడేవాళ్ళని మీరు పసిగట్టగలరు. లాభం కోసం ఆడే అబద్ధం ముఖం మీదే కనిపిస్తుంది. తనకే నష్టమనిపించే మాట చెప్పేవాడి దగ్గర మనం కళ్ళు మూసుకుంటాం. మన భాషలో చెబితే అసలు తెరవం. నాకు అన్నిటికన్నా కష్టమైనది అదే. ఎండ కాదు.

కమిటీ మెట్లు దిగుతూ లిమ్ అన్నాడు, "ఫైజల్‌కి నువ్వే చెప్పాలి, సరో. ఇంకొకరి నోటి నుంచి వినకూడదు."

తానా మేరా బస్సు

బడికి సెలవు పెట్టి పొద్దున్నే తానా మేరా స్టేషన్‌కి వెళ్ళాను. ఫైజల్ బస్సు ఎక్కాను. అద్దంలో నన్ను చూసి కనుబొమలెత్తాడు. బస్సు నిండా మెడలో ట్యాగుల పిల్లలు. సగంమంది నిద్రలో, సగంమంది మన భాషలోనే ఎవరు ఎక్కడ చేరారో, ఎంత పెరిగిందో మాట్లాడుకుంటున్నారు. డ్రైవర్‌తో మాట్లాడకూడదని బోర్డు ఉంది. ముందు సీట్లో నోరు మూసుకుని కూర్చున్నాను.

బిజినెస్ పార్క్‌లో అందరూ దిగారు. నేను దిగలేదు.

"కక్, తప్పు బస్సు ఎక్కారా?" అన్నాడు వెనక్కి తిరిగి.

చెప్పాను. మొత్తం చెప్పాను. గోవర్ధన్ మాట, స్వీట్లు, కమిటీ. అవార్డు రాదని, జపాన్ లేదని కూడా చెప్పాను. ఎంత తిట్టినా పడదామని, కావాలంటే టోపీ నా ముఖాన కొట్టినా పడదామని వచ్చాను.

ఫైజల్ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ముందుకి చూస్తున్నాడు.

"కన్ఫర్మా కక్?" అన్నాడు. "పట్టాడా?"

"పట్టాడు. నా కళ్ళతో చూశాను. గడ్డి తగల్లేదు."

"నేను ఆ బంతి కొంచెం ఎత్తుగా వదిలాననుకున్నాను" అన్నాడు. "రోజూ ఈ బస్సులో అదే విసురుతుంటాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఇంకాస్త కిందికి వేసి ఉంటే అనుకుంటాను. ఆఖరి బంతికి ఓడగొట్టానని మా ఆవిడకి కూడా ముఖం చూపించలేకపోయాను."

"నువ్వు ఓడగొట్టలేదు ఫైజల్. అది అవుటే."

"అయితే చెప్పండి."

"ఏం చెప్పాలి?"

"అవుట్ అని. ఆ రోజు ఒకసారి అన్నారు, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. నాకు మిగిలిన చివరి తీర్పు అదే. ఇప్పుడు సరిగ్గా చెప్పండి లా."

లేచాను. సీట్ల మధ్య దారిలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను. ఒక చేత్తో కమ్మీ పట్టుకున్నాను. కళ్ళ ముందు ఆ గడ్డి, ఆ గ్లవ్, దాని పైన ఆ బంతి. పిడికిలి ఎత్తి, క్రాంజీ పొలాల్లో లిమ్ చేయించినట్టు, ఊపిరితిత్తులు పగిలిపోయేలా అరిచాను.

"అవుట్!"

బస్టాపులో నిలబడ్డ ఉద్యోగులు ఉలిక్కిపడి తలలు తిప్పారు. గేటు దగ్గర సెక్యూరిటీ అంకుల్ లేచి నిలబడ్డాడు. ఫైజల్ ఎవరినీ చూడలేదు. కళ్ళు మూసుకుని, ఆ రోజు గ్రౌండు మధ్యలో ఎత్తినట్టే రెండు చేతులూ పైకెత్తాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత చేతులు దించి, బటన్ నొక్కి తలుపు తెరిచాడు. బయట నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే ఎక్కడం మొదలుపెట్టారు.